చైనా పాతకాలపు చేవకర్ర పెట్టెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సింగపూర్‌లో ఉన్న పన్నెండేళ్ళలో ఒక్కొక్కటిగా తొమ్మిది పెట్టెలు చేరాయి మా ఇంటికి. ఇంటికొచ్చినవాళ్ళు ముందు చేత్తో తడిమి చూస్తారు, తర్వాత అడగడం మొదలుపెడతారు. ఎక్కువమంది అడిగినవి, నేనూ కొత్తలో ఎవరెవరినో పట్టుకుని అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. ఈ పెట్టెల్లో ఏదీ షోకేసులో పెట్టడానికి చేసింది కాదు. ప్రతిదీ ఏదో ఒక పని కోసం పుట్టింది. ఆ పని తెలిస్తే దాని ఆకారం అర్థమవుతుంది, విలువా అర్థమవుతుంది.

అసలు వేటిని చేవకర్ర పెట్టెలంటారు? ఏ కాలానివి?

గట్టి కలప చేవతో, అంటే చెట్టు లోపలి ముదురు భాగంతో, చేసిన చిన్నా పెద్దా పెట్టెలివి. మింగ్ వంశం (1368–1644) చివరి రోజుల నుంచి చింగ్ వంశం (1644–1912) ముగిసేదాకా చేసినవాటినే సాధారణంగా పాతవి అంటారు. 1567లో మింగ్ ప్రభుత్వం సముద్ర వ్యాపారం మీద నిషేధాన్ని సడలించింది. దాంతో ఆగ్నేయాసియా నుంచి గట్టి కలప ఓడల్లో బాగా రావడం మొదలైంది. తూర్పు చైనాలోని సుజౌ నగరం చుట్టుపక్కల వడ్రంగులు అప్పటికే చేయి తిరిగినవాళ్ళు. మెత్తని కర్రకు రంగు, లక్క పూసి దాచేయడం బదులు కర్ర అందమే కనబడేలా పెట్టెలు, బల్లలు, కుర్చీలు చేయడం అక్కడ ఊపందుకుంది.

గట్టి కర్ర వల్ల ఇంకో లాభం ఉంది. పలక సన్నగా ఉన్నా విరగదు, అంచులో తీసిన గాడి పగలదు. మెత్తని కర్రతో అంత సన్నని పెట్టె చేస్తే ఏడాది తిరక్కుండా మూలలు ఊడిపోతాయి.

ఏయే కర్రలు వాడేవారు?

అన్నిటికంటే పేరున్నవి రెండు. మొదటిది హువాంగ్‌హువాలీ. హైనాన్ ద్వీపంలో పెరిగే చెట్టు, మన ఇరుగుడుకు దగ్గర చుట్టం. తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది, మీద నీళ్ళు పారినట్టు చారలు. ముడి ఉన్నచోట చారలు సుడి తిరిగి రెండు కళ్ళు, ఓ నోరు కనబడతాయి. చైనావాళ్ళు వాటిని దెయ్యం ముఖాలంటారు. పేరు అలా ఉన్నా కొనేవాళ్ళు వాటినే వెతుక్కుంటారు. రెండోది జితాన్. దాని గురించి విడిగా చెప్పాలి.

ఇవి కాక, కోడి రెక్క ఈకల్లా చారలుండే జీచిము ఒకటి. చింగ్ కాలం చివర్లో ఎక్కువగా వాడిన హొంగ్‌ము ఒకటి. హొంగ్‌ము అంటే 'ఎర్ర కర్ర' అని అర్థం, ఒకే చెట్టు పేరు కాదు. 2000లో చైనా ప్రకటించిన జాతీయ ప్రమాణంలో ఆ మాట కిందకు 33 రకాల చెట్లు వచ్చాయి. అందుకే దుకాణదారు "హొంగ్‌ము" అన్నాడంటే ఏ చెట్టో ఇంకా చెప్పలేదన్నమాట.

బట్టల కోసం చేసిన పెద్ద పెట్టెలు చాలావరకు కర్పూరం చెట్టువి. అది అంత గట్టి కర్ర కాదు, దాని గొప్పతనం వాసనలో ఉంది.

జితాన్ అంటే మన ఎర్రచందనమేనా?

అవును. నన్ను ఈ పెట్టెల వైపు లాగిందే ఈ సంగతి. పైన చెప్పిన జాతీయ ప్రమాణం జితాన్ అనే పేరును ఒకే ఒక్క చెట్టుకు కట్టబెట్టింది. ఆ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, నల్లమల దక్షిణ భాగంలోనే. పాత కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం జిల్లాల ఎండిన రాతి కొండల మీద పెరిగే చెట్టుకు బీజింగ్ రాజప్రాసాదంలో సింహాసనం పక్కన చోటు దొరికింది.

పాత చైనా రాతల్లో జితాన్ అన్న ప్రతిచోటా అది మన చెట్టే అనడానికి లేదు. దాని దగ్గరి జాతుల్ని కూడా అదే పేరుతో పిలిచిన సందర్భాలున్నాయి. కానీ ఈ కర్రకు తూర్పు దేశాల్లో ఉన్న గౌరవం చాలా పాతది. జపాన్‌లోని నారాలో, 756లో కోమ్యో రాణి ఆలయానికి సమర్పించిన వస్తువులు దాచిన షోసోయిన్ అనే కోశాగారం ఉంది. అక్కడ జితాన్ మీద ముత్యపు చిప్ప పొదిగిన అయిదు తంతుల వీణలాంటి వాయిద్యం ఈనాటికీ ఉంది.

చైనా వడ్రంగుల నోట ఓ మాట వినిపిస్తుంది: పది జితాన్ దుంగల్లో తొమ్మిది బోలు. ఈ చెట్టు చాలా నిదానంగా లావెక్కుతుంది, లావైనవాటిలో కడుపు తరచూ ఖాళీగా ఉంటుంది. అంటే వెడల్పాటి పలక దొరకడమే అపురూపం. జితాన్‌తో చిన్న పెట్టెలు అంత ఎక్కువగా కనబడటానికి ఇదే కారణం. బల్లకు చాలని ముక్క ముద్రల పెట్టెకు సరిపోతుంది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సానరాయి మీద అరగదీసి మొటిమలకూ కమిలిన చోటా రాసే రక్తచందనం, తిరుపతిలో కొని పిల్లలకిచ్చే ఎర్రటి చెక్కబొమ్మలు, ఇవన్నీ ఆ కర్రే. నా దగ్గర అరచేతిలో పట్టే జితాన్ పెట్టె ఒకటుంది. వాడి వాడి దాదాపు నల్లబడింది. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం అంచుల దగ్గర నల్లదనం కింద నుంచి కుంకుమ రంగు పైకొస్తుంది. మా అత్తయ్యది రాజంపేట. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ఎవరూ ఏమీ చెప్పకముందే "ఇది మా కొండ కర్రే కదమ్మా" అంది.

చందనం అంటున్నారు కదా, మరి వాసన రాదేం?

ఎర్రచందనానికి మంచిగంధం వాసన ఉండదు. పేర్లు కలిశాయే గానీ రెండూ వేరు వేరు చెట్లు. పాత జితాన్ పెట్టె తెరిస్తే గుప్పున గంధం వాసన కొట్టిందంటే ఎవరో అత్తరో నూనో పూశారని అనుమానించండి. హువాంగ్‌హువాలీకి మాత్రం సన్నని తియ్యటి వాసన ఉంటుంది. ఎప్పుడూ మూసి ఉండే సొరుగులో ముక్కు పెట్టి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

ఎన్ని రకాలున్నాయి? వాటిలో ఏం పెట్టేవారు?

ఇక్కడ కొంచెం తీరిగ్గా చెబుతాను. మార్కెట్లో అన్నిటినీ "జ్యువెలరీ బాక్స్" అని అమ్మేస్తున్నారు, చాలావాటికి నగలతో సంబంధమే లేదు.

గ్వాన్‌పీషియాంగ్ అన్నిటికంటే ముచ్చటైనది. మూరెడు కన్నా తక్కువ ఎత్తు, పైన మూత, ముందు రెండు తలుపులు. పేరులో 'గ్వాన్' అంటే అధికారి కాబట్టి ఇది ప్రయాణాల్లో అధికారులు ముద్రలు, కాగితాలు పెట్టుకునేదని చాలామంది చెబుతారు. చైనా పాత ఫర్నిచర్ మీద జీవితమంతా పనిచేసిన వాంగ్ షిషియాంగ్ (1914–2009) మాత్రం దీన్ని ఇంట్లో ఆడవాళ్ళ అలంకరణ పెట్టెగానే చూశారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇలాంటి పెట్టెలు లెక్కకు మిక్కిలి దొరుకుతాయి, వాటి మీద చెక్కిన పూలూ పిట్టలూ పెళ్ళికి తగ్గవి.

దాన్ని తెరిచే వరుస చూడండి. ముందు తలుపులు లాగితే రావు. గుండ్రని బిళ్ళ మీద మబ్బు ఆకారపు నాలుక ఉంటుంది, దాన్ని పైకెత్తి మూత తెరవాలి. మూత కింద లోతు తక్కువ పళ్ళెంలాంటి అర. కొన్నిటిలో అద్దం నిలబెట్టే చట్రం అందులోనే మడిచి ఉంటుంది. మూత లేచాకే తలుపులు కదులుతాయి, ఎందుకంటే మూత అంచే ఇప్పటిదాకా తలుపుల పైఅంచును పట్టి ఉంచింది. తలుపులు తెరిస్తే లోపల వరసగా సొరుగులు: దువ్వెనలకు, జడ పిన్నులకు, పౌడరుకు, గాజులకు. అంటే ఒక్క తాళం వేస్తే మూత, తలుపులు, అన్ని సొరుగులూ బందు. ఇంత తెలివైన ఏర్పాటు ఇంత చిన్న వస్తువులో చూసినప్పుడు ఆ వడ్రంగికి దండం పెట్టాలనిపిస్తుంది.

తీహ అంటే మోసుకెళ్ళే అరల పెట్టె. మన క్యారియర్ లాంటిదే, కాకపోతే చదరం, కర్రది. అడుగున పీఠం, దాని రెండు వైపుల నుంచి లేచే కమ్మీలు, పైన పట్టుకునే అడ్డకర్ర. మధ్యలో రెండు మూడు అరలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కమ్మీకున్న రంధ్రంలోంచి ఓ లోహపు కడ్డీ దూర్చితే అది మూతను పట్టేస్తుంది, ఇక అరలు కదలవు. మొదట్లో ఇందులో తినుబండారాలు, మద్యం పెట్టుకుని కొండ మీదికో చెరువు గట్టుకో వెళ్ళేవారు. పెద్దవాటిని ఇద్దరు మనుషులు కర్రకు తగిలించి భుజాల మీద మోసేవారు. మంచి కర్రతో చేసిన చిన్నవాటిలో తర్వాత్తర్వాత ముద్రలు, పచ్చరాతి వస్తువులు దాచుకున్నారు.

జియావ్‌షియాంగ్ పల్లకీ పెట్టె. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. రెండు చివర్లా అడుగుభాగం మెట్టులా కోసేసి ఉంటుంది. తెలియనివాళ్ళు విరిగిపోయిందేమో అనుకుంటారు. పల్లకీలో కూర్చున్న అధికారి ముందు, రెండు వైపులా ఉన్న బొంగుల మీద ఈ పెట్టె అడ్డంగా కూర్చోవాలి. ఆ కోసిన భాగాలు బొంగుల మీద ఆనుకుంటాయి, పెట్టె జారదు. దారిలో కావలసిన కాగితాలు, కలాలు అందులో ఉండేవి. పల్లకీలు పోయాయి, ఆ రెండు కోతలు మాత్రం మిగిలాయి. ఒక వస్తువు తన పనిని ఇంత స్పష్టంగా ఒంటి మీద రాసుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ముద్రల పెట్టెను యిన్‌షియా అంటారు. చదరంగా ఉండి మూత నాలుగు వైపులా వాలుగా లేచి పైన చదునుగా ఆగుతుంది, కొన కోసేసిన గోపురంలా. మందుల పెట్టె యావ్‌షియాంగ్‌లో తలుపు వెనక చిన్నా పెద్దా సొరుగులుంటాయి. కొన్నిటిలో మందు వాసన ఇంకా పోలేదు. ఉత్తరాలు, దస్తావేజులు పెట్టుకునే పొడవాటి పెట్టెలు, చుట్టిన చిత్రపటాలకు కొలత ప్రకారం చేసినవి, సిరా నూరే రాయికి దాని ఆకారంలోనే తొలిచినవి, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు.

మన భోషాణం లాంటి పెద్ద పెట్టెలు లేవా?

ఉన్నాయి. చైనాలో బట్టలు తగిలించేవారు కాదు, మడిచి పెట్టెల్లో పరిచేవారు. వాటికి కర్పూరం చెట్టు కర్ర. చిమ్మటలు ఆ వాసనకు దూరంగా ఉంటాయి. యాంగ్త్సీ నదికి దక్షిణాన జియాంగ్‌నాన్ ప్రాంతంలో ఓ ఆచారం చెప్పుకుంటారు. ఆడపిల్ల పుడితే పెరట్లో కర్పూరం మొక్క నాటడం, పెళ్ళి కుదిరినప్పుడు ఆ చెట్టు కొట్టి రెండు పెట్టెలు చేయించి, నిండా పట్టుబట్టలు పెట్టి పంపడం. 'రెండు పెట్టెల పట్టు' అనే మాట వాళ్ళ భాషలో 'ఇద్దరూ విడవకుండా కలిసుండటం' అన్న మాటలాగే వినిపిస్తుందట. చీనాంబరాలు అని మనం కథల్లో చదువుకున్న బట్టలు ఉండవలసిన చోటు అదే.

రహస్య అరలు ఉంటాయంటారు, నిజమేనా?

కొన్నిటిలో నిజమే. సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని పొడవును గూడు లోతుతో పోల్చండి. సొరుగు పొట్టిగా ఉంటే వెనకాల ఏదో ఉంది. బలవంతంగా ఏదీ పీకొద్దు. ఈ విషయంలో అందరికంటే ముందున్నది చక్రవర్తి చియెన్‌లాంగ్ (పాలన 1735–1796). ఆయన కోసం దువోబావ్‌గ అనే పెట్టెలు చేశారు. తెరిస్తే అరలో అర, ఒక్కో అరలో బొటనవేలంత పచ్చరాయో, చిట్టి చిత్రపటమో. అలాంటివి తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉన్నాయి.

మీద చెక్కిన బొమ్మలకు అర్థాలేమిటి?

చాలావరకు మాటల ఆట. గబ్బిలం, అదృష్టం అనే మాటలు రెండూ చైనాలో 'ఫు' అనే పలుకుతాయి. అందుకే మనం ఇంట్లోకి రానివ్వని గబ్బిలం అక్కడ పెళ్ళిపెట్టె మీద ఎగురుతుంది. అయిదు గబ్బిలాలుంటే అయిదు భాగ్యాలు. చేప అంటే మిగులు, సమృద్ధి. కూజా అంటే ప్రశాంతత. 'సంతోషం' అనే ఒకే అక్షరాన్ని జంటగా కలిపి రాసిన గుర్తు కనబడితే అది పెళ్ళి పెట్టె.

నగిషీ ఎక్కువున్నదే గొప్పదని మాత్రం అనుకోకండి. మింగ్ తరహా పెట్టెల్లో చాలావాటికి నగిషీ అన్నదే ఉండదు, మూత అంచు వెంట దీపపు వత్తిలా సన్నగా ఉబ్బిన ఒక్క గీత తప్ప. ఆ గీత కూడా అలంకారానికి మాత్రమే కాదు. రోజూ తెరిచి మూసే అంచు అరగకుండా అక్కడ కర్రను మందంగా వదిలారు.

మేకులు లేకుండా చేశారంటారు, ఎలా నిలబడ్డాయి?

మూలల్లో ఒక పలక చివరను వానకోయిల తోకలా, మొదట్లో సన్నగా చివర వెడల్పుగా చెక్కుతారు. రెండో పలకలో అదే ఆకారంలో గుంట. ఒకసారి దిగితే ముందుకు లాగినా రాదు. వాళ్ళు దాన్ని వానకోయిల తోక అతుకు అనే పిలుస్తారు. తలుపుల్లో మధ్య పలకను చట్రానికి అతికించరు, చట్రంలో తీసిన గాడిలోకి వదులుగా దూరుస్తారు. వానాకాలం పలక ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. గాడిలో ఆ కాస్త చోటు ఉంది కాబట్టే రెండు మూడు వందల ఏళ్ళయినా పగల్లేదు.

ఇది తెలియకపోవడం వల్ల నాకు ఓ మంచి తలుపు పాడైంది. బాగుచేయడానికి ఇచ్చిన చోట, పలక కదులుతోందని గాడి నిండా ఫెవికాల్ పోసి బిగించారు. మొదటి ఎండాకాలమే పలక నడిమికి నిలువునా చీలింది. కదలడం దాని జబ్బు కాదు. ఎవరికి పని అప్పగించినా ముందు ఈ మాట చెప్పండి.

మీదున్న లోహం ఇత్తడా, వెండా?

పసుపుగా ఉంటే ఇత్తడి. తెల్లగా, కాస్త బూడిద రంగులో మెరిస్తే బైతోంగ్. అంటే రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. మన పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో ఇచ్చే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు గుర్తున్నాయా? ఆ జర్మన్ సిల్వర్ 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో ఈ చైనా లోహాన్ని చూసి చేసిన నకలే.

గొళ్ళేన్నీ పిడినీ పెట్టెకు బిగించిన తీరు చూడండి. ఓ లోహపు ముక్కను హెయిర్‌పిన్నులా మడిచి, పలకలోంచి లోపలికి దూర్చి, రెండు కాళ్ళనూ చెరో వైపుకు వంచి కర్రలోకి దిగగొట్టారు. మూత లోపలి వైపు ఆ రెండు కాళ్ళు కనబడతాయి.

పాతదో కొత్తదో ఎలా గుర్తుపట్టాలి?

ముందు వైపు చూడకండి, అక్కడ ఎవరైనా మెరుగు పెట్టగలరు. తిరగేసి అడుగు చూడండి. సొరుగు లాగి దాని వెనక పలక, కింది అంచులు చూడండి. వందల ఏళ్ళు లాగి తోసిన సొరుగు కింద అంచు అంతటా ఒకేలా కాక, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరిగి ఉంటుంది. పిడి వదిలినప్పుడల్లా కొట్టుకున్న చోట పలక మీద చిన్న నెలవంక గుంట పడుతుంది. చేతులు తగిలే చోట మెరుపు, తగలని చోట మసక. అన్ని చోట్లా ఒకేలా మెరుస్తోందంటే అది వాడకం వల్ల వచ్చిన మెరుపు కాదు.

ప్లస్ గుర్తున్న స్క్రూలు కనబడితే కనీసం ఆ లోహపు భాగమైనా కొత్తది. పెట్టె మొత్తం నకిలీ అని దానితోనే తేల్చలేం, పాత పిడి ఊడితే కొత్తది వేసి ఉండవచ్చు.

కర్ర విషయంలో ఒక హెచ్చరిక. మడగాస్కర్ నుంచి వచ్చే వేరే కర్రను "పెద్దాకు జితాన్" అని అమ్ముతారు. అది ఇరుగుడు జాతిది, ఎర్రచందనం కాదు. స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్ది ఎర్ర రంగు వచ్చింది చూడండి అని చూపిస్తారు. ఎర్రచందనానికి ఆ రంగు నిజంగానే వస్తుంది, దాని చుట్టాలైన వేరే చెట్లకూ వస్తుంది. పైగా ఆ రుద్దడంతో తరాలుగా వచ్చిన మెరుపు పోతుంది. మీ పెట్టె మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

అడుగున ఎర్రటి లక్క ముద్ర ఉంది. రాజముద్రా?

కాదు. చైనా ప్రభుత్వ పురావస్తు అధికారులు ఆ వస్తువును పరిశీలించి దేశం దాటించడానికి ఒప్పుకున్నారని గుర్తు. గోకి తీసేయకండి, అది మీ పెట్టెకు పాస్‌పోర్టు. 1960 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం 1795కు ముందు వస్తువుల్ని అసలు బయటికి పోనివ్వలేదు. 2007లో ఆ గీతను 1911కు తెచ్చారు. కాబట్టి లక్క ముద్ర చూపిస్తూ "మింగ్ కాలం పెట్టె" అని ఎవరైనా అంటే, ఆ రెండు మాటలకూ పొసగదని మర్యాదగా చెప్పి లేచి రండి.

ఇత్తడి నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?

దయచేసి వద్దు. నా మొదటి పెట్టెకు నేను చేసిన అన్యాయం అదే. దేవుడి గదిలో కుందులు తోమినట్టే చింతపండు పులుసు, ముగ్గుపిండి పెట్టి గొళ్ళెం బిళ్ళ తోమాను. ఇత్తడి బంగారంలా వచ్చింది. రెండు రోజుల తర్వాత చూస్తే బిళ్ళ చుట్టూ కర్రలో నల్లటి వలయం. పులుపు కర్రలోకి ఇంకింది, పిండి బిళ్ళకూ కర్రకూ మధ్య సందులో గట్టిపడింది. ఆ మరక ఇంతవరకు పోలేదు. లోహాన్ని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. కాస్త నల్లగా ఉండటమే దాని వయసుకు అందం.

కర్రకు కూడా మెత్తని పొడి గుడ్డే. ఏడాదికోసారి తేనెమైనం చాలా కొద్దిగా రాసి, అరగంట ఆగి, మొత్తం తుడిచేయండి. వంట నూనె, కొబ్బరి నూనె జిడ్డుపట్టి దుమ్మును లాగుతాయి. వార్నిష్ ఊసే వద్దు.

మన ఎండలకు, ఏసీకి తట్టుకుంటాయా?

మార్పు ఒక్కసారిగా రానంత వరకు తట్టుకుంటాయి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, కిటికీ ఎండ పడేచోట పెట్టకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో వానాకాలం సొరుగులు బిగుసుకుంటాయి. అప్పుడు చిత్రిక పట్టించారంటే ఎండాకాలానికి వదులైపోతాయి. నెల రోజులు ఆగండి, వాటంతట అవే కదులుతాయి. అప్పుడు సొరుగు కింద అంచులకు కొవ్వొత్తి ముక్క రుద్దండి.

ఎత్తేటప్పుడు పిడులు పట్టుకోకండి, రెండు చేతులూ అడుగున పెట్టి ఎత్తండి. పిడుల్ని పట్టి ఉంచేవి ఆ హెయిర్‌పిన్ను కాళ్ళే.

పురుగు పడుతుందా?

జితాన్, హువాంగ్‌హువాలీ చేవ జోలికి చెద సాధారణంగా పోదు. కానీ చాలా పెట్టెల్లో అడుగు పలకలు, సొరుగుల లోపలి పలకలు చవక కర్రతో చేసినవి. పురుగు అక్కడే చేరుతుంది. సన్నని పిండి రాలుతుంటే చూసీచూడనట్టు ఊరుకోవద్దు. ఆ పెట్టెను మిగతావాటి నుంచి వేరు చేసి, తెలిసినవాళ్ళకు చూపించండి.

ఇప్పుడు వాటిలో ఏం పెట్టుకోవచ్చు?

నిక్షేపంగా వాడండి. మా గ్వాన్‌పీషియాంగ్ సొరుగుల్లో మా అమ్మాయి గాజులు, కాటుక, జడ పిన్నులున్నాయి, అంటే ఆ పెట్టె పుట్టినప్పటి పనే చేస్తోంది. తీహలో టీ సామాను. దస్తావేజుల పెట్టెలో ఇంటి కాగితాలు. మందుల పెట్టెలో సూదులు, దారపు ఉండలు, బొత్తాలు.

కర్పూరం చెట్టు పెట్టెలో పట్టుచీరలు పెట్టవచ్చు, కాకపోతే కర్ర నేరుగా తగలకుండా ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. జరీ చీరను ఏడాదికి రెండుసార్లైనా తీసి మడత మార్చండి. కలరా ఉండలు ఆ పెట్టెలో వేయకండి, కర్ర వాసనే చాలు. వాసన తగ్గిందనిపిస్తే లోపలి పలకను చాలా సన్నని గరుకు కాగితంతో ఒకసారి తేలిగ్గా రుద్దితే మళ్ళీ వస్తుంది. పాత ఫోటోలు, తాటాకు ప్రతులు మాత్రం కర్ర పెట్టెలో విడిగా వదలొద్దు. కర్రలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి వాటికి మంచిది కాదు. ఆమ్లం లేని కాగితంలో చుట్టాలి. తడి వస్తువు, అగరుబత్తి, హారతి దగ్గరకు రానివ్వకండి.

విదేశంలో కొని ఇండియా తేవచ్చా? ఇక్కడి నుంచి పంపవచ్చా?

హువాంగ్‌హువాలీ, ఇరుగుడు చుట్టాలు దాదాపు అన్నీ 2017 జనవరి 2 నుంచి సైటిస్ అనే, అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందపు రెండో జాబితాలో ఉన్నాయి. ఎర్రచందనం 1995 నుంచే ఉంది. కాబట్టి బిల్లు, కర్ర పేరు, వయసు రాసిన కాగితం లేకుండా సరిహద్దు దాటించే ప్రయత్నం చేయకండి. దంతం పొదిగినవి కొనకపోవడమే మేలు.

మన దేశం నుంచి బయటికి పంపే విషయానికొస్తే, 1972 నాటి పురావస్తు చట్టం కింద వందేళ్ళు దాటిన వస్తువుల ఎగుమతికి కట్టడి ఉంది. పెట్టె వయసు మీద సందేహముంటే భారత పురావస్తు శాఖ వారికి చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం వస్తేనే పంపండి. అమెరికాలో ఉన్న పిల్లలకు సూట్‌కేసులో పెట్టి పంపే ముందు ఈ పని చేయండి.

చూసి నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

షాంఘై మ్యూజియంలో వాంగ్ షిషియాంగ్ సేకరించిన 79 ఫర్నిచర్ వస్తువులున్నాయి. బీజింగ్‌లో 1999లో తెరిచిన చైనా ఎర్రచందనం మ్యూజియం ఉంది. మన కొండల కర్రకు అక్కడ ఓ భవనమే కట్టారు, తెలుగువాళ్ళు అటు వెళితే తప్పక చూడాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా, జపాన్ వస్తువుల విభాగం ఉంది. పింగాణీ దగ్గరే ఆగిపోకుండా అక్కడి చెక్కపని కూడా దగ్గరగా చూడండి.

మొదటిసారి కొంటున్నాను. ఏది కొనాలి?

జితాన్ వద్దు, హువాంగ్‌హువాలీ వద్దు. ఆ పేర్లకే సగం డబ్బు పోతుంది, నకిలీలూ వాటిలోనే ఎక్కువ. చింగ్ చివరి కాలపు హొంగ్‌ము దస్తావేజు పెట్టె ఒకటి చూడండి, నగిషీ లేనిది, మూత సరిగ్గా మూసుకునేది. దుకాణంలో మూత పైకెత్తి, చివరి అంగుళం దగ్గర చేయి వదిలేయండి. మంచి పెట్టె మూత ఠపీమని పడదు. లోపలి గాలి సందుల్లోంచి నెమ్మదిగా పోతూ, మూత మెత్తగా దిగి కూర్చుంటుంది. ఆ ఒక్కటి చూసుకుని కొనండి.